గాయము మానుటయు, ముదిమియు

క్రీడాస్థలమున బడి మోకాలు గీచుకొన్న బాలునకు వారము దినములలో బుండు మానును. అట్టి గాయమే వాని తాతగారికి దగిలినచో మానుటకు జాల దినములు పట్టును. ఇరువురి దేహములును జీవకణములతో నిర్మితములైనవే గదా! మఱి యీ భేదమేల కలిగెను? ఈ విషయమును గూర్చి మేము గ్రహించిన సంగతులను చదువరులకు మనవి చేయుచున్నాము.

దేహమందలి కణములు తమలో దాము సందేశములు పంపుకొనుచుండును. ఈ సందేశములను మోయువానిలో ముఖ్యమైనవి మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు. వీనిని అందుకొనుటకు కణముల పైపొరయందు గ్రాహకములు గలవు. తాళమునకు దగిన చెవివలె ప్రోటీను తన గ్రాహకమున జేరినంతనే కణములోపల పని యారంభమగును. నాడులను బెంచు ప్రోటీనును కనుగొనిన రీటా లెవీ మొంటాల్చినీయు, చర్మకణములను బెంచు ప్రోటీనును కనుగొనిన స్టాన్లీ కోహెనును 1986లో నోబెలు బహుమానమును బొందిరి.

ఈ సందేశముల మహిమను కాలేయమునందు జూడవచ్చును. ఎలుక కాలేయమున మూడింట రెండుపాళ్లు తీసివేసినను, మిగిలిన భాగము వారము పదిదినములలో బెరిగి, ఇంచుమించు పూర్వపు పరిమాణమునకు వచ్చును. పెరుగుమను సందేశములవలెనే ఆగుమను సందేశములును గలవు. కావుననే యది మితిమీఱి పెరుగదు.

ఇక ముదిమి మాట. మానవ కణములు గాజుపాత్రయందు సుమారు 50 మార్లు విభజనమొంది, పిదప నిలిచిపోవునని హేఫ్లిక్, మూర్‌హెడ్ అను శాస్త్రజ్ఞులు 1961లో వెల్లడించిరి. అట్లు నిలిచిన కణములు వెంటనే చావవు. వాపును గలిగించు ప్రోటీనులను వెలువరించి యిరుగుపొరుగు కణములను గూడ జెఱచును. 2005లో అమెరికా శాస్త్రజ్ఞులు ముసలి చిట్టెలుక రక్తప్రవాహమును పడుచు చిట్టెలుక రక్తప్రవాహముతో గలిపిరి. అంతట ముసలిదాని కండరములందు నాచ్ అను గ్రాహకము మరల మేలుకొనెను. గాయపడిన కండరము చక్కగా బాగుపడెను. దీనినిబట్టి ముసలి కండరమునకు శక్తి పూర్తిగా నశింపలేదనియు, దానిని మేలుకొలుపు సందేశములే కొఱవడినవనియు దెలియుచున్నది.

అట్లయిన యౌవనమును కొని తెచ్చుకొనవచ్చునా? తొందరపడరాదు. పెరుగుమను సందేశము అదుపు తప్పినచో నదియే పుట్టకుఱుపునకు దారితీయును. పడుచువారి రక్తరసమును ముదిమికి మందుగా నెక్కించుకొనవలదనియు, దానివలన మేలు కలుగునని ఋజువు కాలేదనియు 2019లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖవారు ప్రజలను హెచ్చరించిరి.

కావున బాలబాలికలారా! తాతగారి గాయము త్వరగా మానలేదని విసుగుకొనకుడు. దానిని శుభ్రముగా నుంచి, వైద్యునకు జూపి, ఓపికతో గనిపెట్టుడు. వారి కణములకు గబురు మెల్లగా నందుచున్నదని మాత్రము తెలిసికొనుడు.