పెద్దల జట్టులో గుంటడు

ధాన్యము కల్లములనుండి ఇండ్లకు చేరి, వరిమళ్ళలో తడియారి, అడుగు పెట్టిన నేల గట్టిగా తగులు పుష్యమాసపు దినములలో, వంశధారకును నాగావళికిని నడుమనున్న ఏ యూరి పొలిమేరకు పోయినను ఒకే దృశ్యము కంటబడును. వరిదుబ్బులను పారతో చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి చదును చేసిన యొక చారయే పిచ్. సున్నముతో గీసిన వలయమే బౌండరీ. షామియానా క్రింద మైకు పట్టుకొని యొకడు పరుగుల లెక్క చెప్పుచుండును. జట్టులో సగముమంది హైదరాబాదునకో చెన్నైకో పనికై వలసపోయి సంక్రాంతికి తిరిగివచ్చినవారు. వారిలో నొకనికి రైలు దొరకలేదు, పదకొండవవాడు లేడు. అంతట జట్టు పెద్ద నాలుగు దిక్కులు పరికించి, గట్టుమీద కూర్చుండి స్కోరు వ్రాయుచున్న పదమూడేండ్ల బాలునిపై చూపు నిలిపి, "ఒరే గుంటడా, అటెల్లి బౌండరీ కాడ నిలబడు, బంతొస్తే ఒగ్గీకు!" అని కేక వేయును.

శ్రీకాకుళ విజయనగర మండలములలో మగపిల్లవానిని గుంటడనియు ఆడపిల్లను గుంట యనియు పిలుచుట పరిపాటి. అన్యమండలముల వారి చెవికి ఈ మాట తృణీకారముగా దోపవచ్చును గాని, ఇందు తృణీకారమెంతయో లాలన యంతయు కలదు. ఏది ఎప్పుడు మిక్కిలియగునో పలుకువాని గొంతునుబట్టి తెలిసికొనవలసినదే. పెద్దల జట్టులో ఆడు బాలుని కథయంతయు ఈ రెండింటి నడుమ నడచునదియే గనుక, నేనును ఆ మాటనే వాడెదను.

గుంటడు ఒక్కనాటిలో జట్టులోనికి రాడు. మొదట ముండ్లపొదలలో పడిన బంతిని వెదకి తెచ్చును. చెరువులో పడినచో ఈదిపోయి తెచ్చును. పెద్దలకు నీళ్ళందించును, స్కోరు వ్రాయును, అంపైరుగా నిలుచుటకెవ్వరును ఇష్టపడనినాడు నిలిచి, ఔటిచ్చినందుకు ఇరుపక్షములచేతను తిట్లు తినును. తాటిమట్టను చెక్కిన బ్యాటుతో వీధిలో తోడిపిల్లల బంతులన్నిటిని ఇండ్ల కప్పులమీదికి కొట్టుచుండగా ఏ బావయో చూచి, "మనోడు ఆడగలడర్రా" అని యొక మాట వేయును. పిమ్మట ఎక్‌స్ట్రా ప్లేయరు. పిమ్మట పదకొండవ బ్యాటరు. ఈ క్రమమునకు పాఠ్యప్రణాళిక లేదు, గురువను పేరుగలవాడు లేడు. అయినను పెద్దపట్టణములలో పండ్రెండేండ్ల లోపువారికి, పదునాలుగేండ్ల లోపువారికి వేర్వేరుగా జరుగు పోటీలు అందుబాటులో లేని యూళ్ళలో, పెద్దల జట్టే బాలునకు పాఠశాల. అతనిని ఔటు చేయవలెనని వచ్చువాడే ఉపాధ్యాయుడు.

ఆ పాఠశాలలో అందరును చుట్టములగుట మరియొక విశేషము. ఎదుటి బౌలరు అన్న, వికెట్టు కీపరు చిన్నాన్న, స్లిప్పులో నున్నవాడు మేనమామ. "మావా, ఔటే గదా!" యని నిలదీయుచునే మావను ఇంటికి పంపవలసియుండును. మావ తలపైకి లేచు బంతి వేయవచ్చునా యనెడి ధర్మసందేహము ఏ క్రికెట్టు నిబంధనావళిలోను లేదు గాని మన పల్లెలలో అది నిత్యమును ఉదయించును. మావకు అట్టి సందేహము తిరుగువైపు కలుగదనుట మాత్రము నిశ్చయము.

బాలుడు పెద్దలతో సమానముగా ఎట్లు ఆడగలుగును? కండబలమున గాదు. పురుషులాడు లెదరుబంతి సుమారు 156 మొదలు 163 గ్రాముల బరువుండును. పదమూడేండ్ల లోపువారికి నిర్ణయించిన బంతి 133 మొదలు 144 గ్రాములే. ఇరువైపుల వికెట్ల నడుమ దూరము 20.12 మీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల వేగముతో వచ్చిన బంతి బౌలరు చేయి విడిచిన సుమారు అర సెకనునకే బ్యాటరును చేరును. ఈ అర సెకనులో పెద్దవాడు బంతిని బాదుటకు ఆలోచించును. గుంటడు, బాదుటకు బలము చాలదని ఎరిగినవాడు గనుక, బౌలరు వేగమునే బదులు తీసికొని బంతిని బ్యాటు ముఖముతో తాకి సందులలోనికి జారవిడుచును. లేటు కట్టు, లెగ్ గ్లాన్సు మున్నగు సుకుమారమైన విద్యలు తరచుగా దౌర్బల్యమునుండి పుట్టినవే. బౌలింగులోను ఇంతే: గాలిలోనికి నిదానముగా ఎగురవేసిన బంతిని చూచి, పిల్లవాడు వేసినది గదా యని ముందునకురికి, బౌండరీ దగ్గర క్యాచి యిచ్చిన మీసాలవారిని లెక్కింప నలవి గాదు. టెన్నిసు బంతితో పెరిగిన చేతికి లెదరుబంతి అలవడుటకు మాత్రము కొంత కాలము పట్టును. టెన్నిసు బంతి తగిలినచో చుఱుక్కుమనును, లెదరుబంతి తగిలినచో ఎముక చెప్పును.

పెద్దల నడుమ స్థానము సంపాదించుటకు మన మండలములలో రెండు దారులు చరిత్రకెక్కినవి. మొదటిది రాజమార్గము. 1905 డిసెంబరు 28న జన్మించిన విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజు, లోకమునకు విజ్జీ, తానే జట్టును కూర్చి, 1930-31లో జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ వంటి ఇంగ్లండు మేటి ఆటగాండ్రను ఈ దేశమునకు రప్పించి, 1936లో భారత జట్టునకు నాయకుడై ఇంగ్లండునకు పోయెను. ఆడిన టెస్టులు 3, చేసిన పరుగులు 33, సగటు 8.25. ఆ జట్టులో తెలుగువాడును, భారతదేశపు తొలి టెస్టు నాయకుడునగు సి.కె. నాయుడు అతని క్రింద ఆడవలసివచ్చెను. విజ్జీ ఉదారతవలన ఆటకు మేలే కలిగినదని వాదించువారితో నాకు వైరము లేదు. కాని, నాయకత్వము దొరకినంత సులువుగా పరుగులు దొరకవని ఆ సగటే చెప్పుచున్నది.

రెండవ దారి గుంటని దారి. విశాఖపట్నమున 2003లో పుట్టిన నితీశ్ కుమార్ రెడ్డి, 2017-18లో పదహారేండ్ల లోపువారి విజయ్ మర్చంట్ పోటీలలో 1,237 పరుగులు చేసెను. నాగాలాండుపై ఒక్క ఇన్నింగ్సులోనే 441. తండ్రి ముత్యాలరెడ్డి కుమారుని ఆటకై హిందుస్థాన్ జింక్ సంస్థలోని కొలువును వదలుకొన్న సంగతి ప్రసిద్ధమే. 441 అను అంకెను చూచి జనులు అబ్బురపడిరి గాని, నాకు అందు మరియొక అర్థము కనబడుచున్నది: సమవయస్కులు ఆ బాలునకు నేర్పగలిగినది ఆనాటితో ముగిసినది. తనను ఔటు చేయలేనివారితో ఆడి ఎవడును ఎదుగడు. 2020 జనవరిలో, పదహారేండ్ల ప్రాయమున, అతడు ఆంధ్ర జట్టు తరఫున రంజీలో అడుగుపెట్టెను. 2024 డిసెంబరు 28న, అనగా విజ్జీ జన్మదినముననే, మెల్బోర్నులో ఎనిమిదవ స్థానమున బ్యాటింగునకు వచ్చి టెస్టు శతకము సాధించెను. పెద్దల నడుమ తొలి యాటకును ఈ శతకమునకును నడుమ గడచిన యైదేండ్లను గూర్చి పత్రికలు వ్రాసినది స్వల్పము. నిజమైన చదువంతయు ఆ యైదేండ్లలోనే జరిగియుండును.

అందరికిని అంత కాలము పట్టవలెనని లేదు. గుంటూరున పుట్టి హైదరాబాదు తరఫున ఆడిన అంబటి రాయుడు, 2002లో పదునేడేండ్లవాడై, రంజీలో ఒకే పందెమున 210 పరుగులును, ఔటు గాక 159 పరుగులును చేసెను. ఆ బంతులు వేసినవారు మన ఆంధ్ర బౌలర్లేయని గుర్తుచేసికొనుట కొంచెము బాధాకరము. విశాఖపట్నపు బాలిక షబ్నమ్ షకీల్ పదునైదేండ్ల ప్రాయమున, 2023లో పందొమ్మిదేండ్ల లోపు బాలికల ప్రపంచకప్పు గెలిచిన జట్టులో సభ్యురాలు. మరుసటి యేడు మహిళల ప్రీమియర్ లీగులో పెద్దలపై ఆడి ఒక పందెమున 11 పరుగులకే 3 వికెట్లు తీసెను. బీహారునకు చెందిన వైభవ్ సూర్యవంశి 2025 ఏప్రిలులో, పదునాలుగేండ్లకే, ఐపీఎల్‌లో 35 బంతులలో శతకము కొట్టిననాటినుండి మన పల్లెల తండ్రులకు నిద్రపట్టుట లేదని యెవరో యన్నారు. శ్రీకాకుళము జిల్లా టెక్కలికి చెందిన త్రిపురాన విజయ్‌ని 2024 నవంబరు వేలములో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు 30 లక్షల రూపాయలకు తీసికొన్న వార్త ఆ నిద్రలేమిని మన వాకిటికే తెచ్చినది.

ఇచ్చటనే నాకు భయము కలుగుచున్నది. గుంటడు పెద్దలతో ఆడలేకపోవుటలో ప్రమాదము లేదు. ఆడలేనివాడు రెండు బంతులకు ఔటై గట్టుమీదికి తిరిగివచ్చును. ప్రమాదమంతయు బాగుగా ఆడగలుగుటలో నున్నది. ఏలయన, బాగుగా ఆడిన మరుక్షణమున అతడు గుంటడనుమాట పెద్దలు మరచిపోవుదురు. వికెట్టు తీసినవానికే మరల బంతి యిత్తురు; మరల తీసినచో మరల యిత్తురు; ఉదయము ఒక పందెము, మధ్యాహ్నము సెమీఫైనలు, సాయంకాలము ఫైనలు, అన్నిటను ఆ లేతచేతినే నమ్ముకొందురు. బాలుడా, వద్దనడు, పెద్దలు తనను పిలిచిరనెడి యానందములో నడుమునొప్పి అతనికే తెలియదు.

తెలియకపోయినను నడుము మరువదు. ఎదుగు వయసులో ఎముకల చివరలనుండు పెరుగుదల భాగములు ఇంకను మెత్తగా నుండును. వేగముగా బంతి వేయువాడు ప్రతిసారియు ముందుకాలిపై శరీరభారమునకు ఎన్నియో రెట్ల తాకిడిని మోపుచు, వెన్నును వెనుకకు వంచి ప్రక్కకు మెలిపెట్టును. ఈ మెలికకు నడుము క్రిందిభాగపు పూసలలో సన్నని పగులు ఏర్పడుట యువ బౌలర్లలో విరివిగా కనబడు గాయము. అది ఒక్క బంతికి వచ్చునది గాదు, విశ్రాంతి లేని వారములు పేరుకొని వచ్చునది. అందుచేతనే ఇంగ్లండు క్రికెట్టు బోర్డు, పెద్దల క్లబ్బు జట్టులో ఆడినను సరే, వేగముగా బౌలు చేయు బాలురకు హద్దులు గీచెను: పదమూడేండ్లవరకు ఒక విడతకు 5 ఓవర్లు, దినమునకు 10; పదునాలుగు, పదునైదేండ్లవారికి 6, దినమునకు 12; పదహారు, పదునేడేండ్లవారికి 7, దినమునకు 18. పదునెనిమిదేండ్లు నిండనివారు హెల్మెట్టు లేక బ్యాటింగు చేయరాదు. పదునైదేండ్ల లోపు తరగతులవారిని, వికెట్టు వెనుక ఆఫువైపున తప్ప, బ్యాటింగు వైపు నడిమి స్టంపునకు 8 గజముల కంటె దగ్గరగా ఫీల్డింగునకు నిలుపరాదు. పదమూడేండ్ల లోపువారికి ఆ దూరము 11 గజములు. అంతర్జాతీయ క్రికెట్టు మండలి 2020లో దేశము తరఫున ఆడుటకు కనిష్ఠవయస్సు పదునైదని నిర్ణయించెను. మన భారత బోర్డు పదహారేండ్ల లోపు పోటీలకు ఎడమ మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయస్సును పరీక్షించును గాని, అది పెద్దవాడు పిల్లవాడనని చెప్పుకొని వచ్చుటను పట్టుటకు. పిల్లవాడు పెద్దలలో ఎన్ని ఓవర్లు వేయుచున్నాడో చూచుటకు సంక్రాంతి టోర్నమెంటులో ఎవ్వరును ఉండరు. మైకువాడు పరుగులు లెక్కించును, బాలుని ఓవర్లు లెక్కింపడు.

దెబ్బ శరీరమునకే తగులునని గాదు. గెలిచిన జట్టునకు నగదు బహుమతి యుండుటచే, బాగుగా ఆడు గుంటని ప్రక్కయూరివారు వచ్చి అడుగుట, బూట్లు కొనిపెట్టుట, బండిపై తీసికొనిపోవుట కద్దు. రాత్రి బహుమతి పంచుకొను చోట పెద్దలు చేయు పానగోష్ఠి నడుమ, ఇంటికి పంపువారు లేక, ఆ బాలుడు ఒక మూల కూర్చుండియుండును. క్యాచి వదలినందుకు పెద్దవానిని తిట్టినట్లే అతనిని తిట్టుదురు. తిట్టుట తప్పనను గాని, పెద్దవాడు తిరిగి తిట్టగలడు.

విజయనగరమున విజ్జీ పేర ఒక స్టేడియమున్నది. విజ్జీ అన్నకుమారుడగు పి.వి.జి. రాజు పేర ఆంధ్ర క్రికెట్టు సంఘపు క్రీడాప్రాంగణమున్నది, అచ్చట రంజీ పందెములును జరిగినవి. అట్టి చోట పచ్చిక యున్నది, నెట్లున్నవి, శిక్షకులున్నారు. అచ్చటికి చేరిన బాలుని గూర్చి నాకంత చింత లేదు. చేరుటకు ముందు మడిలో గడుపు రెండు మూడేండ్లే నా చింత. ఆ రెండు మూడేండ్లును ఏ సంఘము చేతిలోను లేవు, మావల చేతిలో, బావల చేతిలో నున్నవి.

ఇట్టి పందెమొకటి చీపురుపల్లి వైపున చూచితిని. గుంటడు నాలుగు ఓవర్లు వేసి మూడు వికెట్లు తీసెను. మూడవవాడు సొంత మేనమామయే, ఎదుటి జట్టువాడు. అయిదవ ఓవరునకు బంతి చేతిలో పెట్టబోయిన కెప్టెనుతో, ఔటై గట్టుమీద కూర్చున్న ఆ మేనమామ లేచి, "ఆడికింక సాలు, ఒగ్గీ" అనెను. తన జట్టునకు మేలు కలుగవలెనని యన్నాడనుకొని అందరును నవ్విరి. నేనును నవ్వితిని. పందెము ముగిసి ప్రొద్దు వాలినప్పుడు ఓడిన యా మేనమామయే సైకిలు తెచ్చి, గుంటని వెనుక కూర్చుండబెట్టుకొని, బ్యాటును హ్యాండిలుకు కట్టుచు, "రేపు పరీచ్చ నేదేట్రా నీకు?" అని యడుగుచుండెను.