ముఖం చిన్నబోయిన బిడ్డను అడగండి

లోకంలో మొదటి హత్య జరగడానికి ముందు దేవుడు ఒక ప్రశ్న అడిగాడు. తమ్ముడు హేబెలు అర్పణను అంగీకరించి తన అర్పణను లక్ష్యపెట్టలేదని కయీను రగిలిపోతున్నాడు. దేవుడు అతణ్ణి వెంటనే శిక్షించలేదు. నీకు కోపమెందుకు వచ్చింది, నీ ముఖం ఎందుకు చిన్నబోయిందని అడిగాడు (ఆది 4:6). పాపం వాకిట పొంచి ఉందనీ, దాన్ని అదుపు చేసుకోవాలనీ ముందే హెచ్చరించాడు. ఆ ప్రశ్నకు కయీను జవాబు చెప్పినట్టు బైబిల్లో లేదు. నోటితో చెప్పుకోలేని కోపం పొలంలో చేతుల్లోంచి బయటపడింది.

ప్రాథమిక పాఠశాలకు వెళ్లే పిల్లలున్న ప్రతి ఇల్లూ ఈ సంగతిని జాగ్రత్తగా చదవాలి. మాట రాని చోట పిల్లల చేతులు మాట్లాడతాయి. పక్కవాడి పెన్సిల్ విరిచేస్తారు, చెల్లిని గిల్లుతారు. కొందరికి ఒళ్లే మాట్లాడుతుంది. సోమవారం పొద్దున్నే కడుపునొప్పి అంటారు. డాక్టరు చూసి ఏ జబ్బూ లేదంటే నటిస్తున్నాడని తేల్చేస్తాం. ఆ నొప్పి నిజమే కావచ్చు. 'నాకు బడంటే భయంగా ఉంది' అనే మాట దొరకక ఆ భయం కడుపులో చేరి ఉండవచ్చు.

శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న మామిడిపల్లి లాంటి ఊళ్లలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఆ ప్రాంతపు బతుకుతీరే మారిపోయింది. పనుల కోసం దూరాల నుంచి కుటుంబాలు వచ్చి చేరాయి. పగలూ రాత్రీ షిఫ్టులు నడిచే చోట అమ్మ ఇంటికొచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటాడు. ఇంట్లో తెలుగు, ఉర్దూ, లంబాడీ, హిందీ మాట్లాడే పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే ప్రాంతం అది. 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. పాఠం ఇంగ్లీషులో నేర్చుకోవచ్చు. కానీ ఏడుపు మాత్రం ఇంటి భాషలోనే వస్తుంది. 'హ్యాపీ', 'శాడ్', 'యాంగ్రీ' అనే మూడు మాటల్లో ఏ బిడ్డ మనసూ ఇమడదు.

మనకు మాటలకు కరువు లేదు. అమ్మ ఊరెళితే కలిగేది బెంగ. అడిగింది కొనివ్వకపోతే వచ్చేది అలక. ఆటలో ఓడితే ఉక్రోషం. నలుగురిలో నవ్వులపాలైతే చిన్నతనం. చీకటంటే, బెత్తమంటే తెలంగాణలో బుగులు అంటారు. మనసును తినేసే దిగులును రంధి అంటారు. బయటి నుంచి చూసేవారికి ఇవన్నీ ఒకేలా, మొండితనంలా కనబడతాయి. మందు మాత్రం వేరు. అలిగిన బిడ్డకు బుజ్జగింపు చాలు. బెంగపడ్డ బిడ్డకు తోడు కావాలి. బుగులు పడ్డవాడికి ధైర్యం కావాలి. అవమానపడ్డవాడికి న్యాయం కావాలి. పేరు తెలియకుండా మందు ఎలా ఇస్తాం?

శాస్త్రం కూడా ఈ మాటకు తోడు వస్తోంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ఒక అధ్యయనం ప్రచురించింది. భయం, కోపం నిండిన ముఖాల బొమ్మలను పెద్దలకు చూపించారు. ఆ భావానికి సరైన పేరు ఎంచుకున్నప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం తీవ్రత తగ్గిందని గమనించారు. మన దేశంలో ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు ఆనంద పాఠ్యప్రణాళికను ప్రారంభించింది. అయినా మనసు విప్పడం మనకింకా అలవాటు కాలేదు. 2021లో యునిసెఫ్ నివేదిక ప్రకారం 15-24 ఏళ్ల భారతీయ యువతలో మానసిక సమస్యకు ఇతరుల సాయం తీసుకోవడం మంచిదన్నవారు 41 శాతమే. 21 దేశాల సగటు 83 శాతం. పదిహేనేళ్లకు నోరు విప్పాలంటే ఆరేళ్లకే మాట నేర్పాలి.

హన్నాను చూడండి. బిడ్డలు లేని దుఃఖంతో ఆమె మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థిస్తోంది. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. అంత పెద్దమనిషే ముఖం చూసి పొరపడ్డాడు! తాను మనోదుఃఖం గలదాన్ననీ, దేవుని ఎదుట ఆత్మను కుమ్మరించుకుంటున్నాననీ ఆమె చెప్పుకుంది. తర్వాత వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది (1 సమూయేలు 1:18). సమూయేలు అప్పటికింకా పుట్టలేదని గమనించాలి. ఆమె పరిస్థితి ఏమీ మారలేదు. బాధను చెప్పుకుంది, దాన్ని విని దీవించేవాడు దొరికాడు.

యోనా సంగతి మరొకటి. నీనెవెను దేవుడు క్షమించాడని ఆ ప్రవక్తకే కోపం వచ్చింది. నీవు కోపించడం న్యాయమా అని దేవుడు రెండుసార్లు అడిగాడు. రెండోసారి యోనా పెడసరంగానే జవాబిచ్చాడు. దేవుడు ఆ జవాబు విని అతణ్ణి నెట్టివేయలేదు, మాట కొనసాగించాడు. ఎదురు చెప్పాడని పిల్లవాడి నోరు మూయించే మనం ఇక్కడ నేర్చుకోవలసింది చాలా ఉంది.

సంఘాలుగా మనం ఒక విషయం ఆలోచించాలి. 'దేవుని బిడ్డలు భయపడకూడదు, ఏడవకూడదు, కోపపడకూడదు' అని సండే స్కూల్లో చెబితే పిల్లలు భయం మానరు. దాన్ని దాచడం నేర్చుకుంటారు. కోపం వచ్చినా పాపం చేయవద్దని పౌలు ఎఫెసీయులకు రాశాడు (4:26). కోపానికీ పాపానికీ మధ్య ఆయన చోటు ఉంచాడు. 'నీకు కోపం వచ్చింది, అర్థమైంది. కొట్టడం మాత్రం తప్పు' అని చెప్పగలిగే చోటు అదే.

దీనికి ఖర్చు అక్కర్లేదు. హాజరు పిలిచేటప్పుడు పిల్లలు 'వచ్చాను' అనడంతో పాటు ఇవాళ ఎలా ఉందో ఒక్క మాట, తమ ఇంటి భాషలోనే చెప్పనివ్వండి. చెప్పనన్నవారిని బలవంతపెట్టవద్దు. ఇంట్లో అన్నం పెడుతూ 'అలకా, బెంగా, ఎవరైనా ఏమైనా అన్నారా' అని అడగండి. తీర్పు చెప్పకుండా జవాబు కోసం ఆగండి. పెద్దలు తమ మనసుకూ పేరు పెట్టాలి. 'నాకు ఇవాళ విసుగ్గా ఉందిరా, నీ మీద కాదు' అని నాన్న అంటే తన తప్పేమీ లేదని బిడ్డ ఊపిరి పీల్చుకుంటాడు. ఎవరైనా హింసిస్తున్నారని, తాకరాని చోట తాకుతున్నారని బిడ్డ చెబితే ముందు నమ్మండి. 1098కి ఫోన్ చేయండి. దిగులు వారాల తరబడి వీడకపోతే 14416లో టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనూ మాట్లాడతారు. ప్రార్థన చేయండి, సాయమూ తీసుకోండి.

చిన్నబిడ్డలను తన దగ్గరకు రానివ్వని శిష్యుల మీద యేసు కోపపడ్డాడని మార్కు దాచకుండా రాశాడు (10:14). గెత్సేమనేలో ప్రభువు తన ప్రాణం ఎంత దుఃఖంలో ఉందో శిష్యులకు చెప్పి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు (మత్తయి 26:38). దేవుని కుమారుడే తన దుఃఖాన్ని దాచుకోలేదు. మన పిల్లలు ఎందుకు దాచుకోవాలి? ఈ సాయంత్రం మీ బిడ్డ ముఖం చిన్నబోయి ఉంటే మార్కులు అడిగే ముందు ఆ ముఖం సంగతి అడగండి. జవాబు రావడానికి కాస్త సమయం పట్టినా పక్కనే కూర్చోండి.