తడ దాటితే 159 కాస్తా 176!

చెన్నై వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి మీద తడ దాటగానే ఆరంబాక్కం. బోర్డులు తమిళంలోకి మారతాయి. పైకి కనపడకుండా మారేది ఇంకొకటుంది: ఎమ్మెల్యే ఓటు విలువ. రాష్ట్రపతి ఎన్నికలో తడవాళ్ల సూళ్లూరుపేట ఎమ్మెల్యే ఓటు 159. అవతల గుమ్మిడిపూండి ఎమ్మెల్యేది 176.

అమెరికా అధ్యక్షుణ్ని ఎలక్టోరల్ కాలేజీ ఎన్నుకుంటుందంటే మనకు వింతగా ఉంటుంది. మన రాజ్యాంగం 54వ అధికరణంలో ఉన్నదీ అదే పేరు. రాష్ట్రపతికి మనం ఓటేయం. మనం గెలిపించిన ఎంపీ, ఎమ్మెల్యే వేస్తారు. రాష్ట్రంలో 1971 నాటి జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్లీ వెయ్యితో భాగిస్తే ఒక్కొక్కరి ఓటు విలువ వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. మన నియోజకవర్గాలు తమిళనాడు వాటికన్నా జనాభాలో చిన్నవి, అందుకే 159. తడవాళ్లకు అన్యాయమేమీ జరగలేదు.

అమెరికా త్రాసు అలా తూగదు. ఎంత చిన్న రాష్ట్రానికైనా ఇద్దరు సెనేటర్లు, ఒక ప్రతినిధి లెక్కన మూడు ఓట్లు ఖాయం. 2020 జనగణన ప్రకారం వయోమింగ్‌లో లక్షా తొంభై వేల మందికి ఒక ఓటైతే, కాలిఫోర్నియాలో ఏడు లక్షల ముప్పై వేల మందికి ఒకటి. ఘోరమే. కానీ నన్నడిగితే అసలు తిరకాసు ఇది కాదు. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా చోట్ల ఒక్క ఓటు ఆధిక్యం వచ్చినా రాష్ట్రం ఓట్లన్నీ గెలిచినవాడికే.

2020లో జార్జియాలో బైడెన్ ఆధిక్యం 11,779. ఆ రాష్ట్రం 16 ఓట్లూ ఆయనకే. అట్లాంటా శివార్లలోని తెలుగు ఓటర్లను ఏ పార్టీ అయినా బతిమాలాల్సిందే. డాలస్ తెలుగువాళ్లకు ఆ భాగ్యం లేదు: 1976లో కార్టర్ తర్వాత టెక్సాస్ ఏ డెమొక్రాట్‌నూ గెలిపించలేదు. 2016లో దేశం మొత్తం మీద 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా హిల్లరీ క్లింటన్ ఓడిపోయారు.

ఆ పద్ధతే మనకూ ఉంటే? 2022 రాష్ట్రపతి ఎన్నికలో తమిళనాడు ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది యశ్వంత్ సిన్హా వైపు; ద్రౌపదీ ముర్ముకు వేసినవాళ్లు 75 మంది. అమెరికా లెక్కన వాళ్ల ఓట్లు గంగపాలు. మన లెక్కన 13,200 ఆమె ఖాతాలో పడ్డాయి. (అదే రోజు మన అసెంబ్లీలో సిన్హాకు ఒక్క ఓటూ రాలేదు. వైసీపీ, టీడీపీ ఒకే మనిషికి ఓటేయడం మళ్లీ ఎప్పుడు చూస్తామో!) మన రాష్ట్రపతి ఎన్నికలో పార్టీ విప్ ఉండదు. ఎమ్మెల్యే చేతికి గులాబీ రంగు బ్యాలెట్, ఎన్నికల సంఘం వారి ఊదారంగు సిరా పెన్ను ఇస్తారు. నచ్చిన పేరు ఎదుట 1 వేసి మడిచి పెట్టెలో వేయడమే. 1969లో కాంగ్రెస్ అభ్యర్థి, మన అనంతపురం జిల్లావాడైన నీలం సంజీవరెడ్డి, మరో తెలుగువాడైన వి.వి. గిరి చేతిలో ఓడింది ఆ వెసులుబాటు వల్లే. కాంగ్రెస్‌వాళ్లే చాలామంది గిరికి వేశారు.

మన పద్ధతిలోనూ లోపముంది: ఆ 1971 అంకెలు. కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 42వ సవరణ వాటిని కట్టేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించింది. కొత్త అంకెలొస్తే ఉత్తరప్రదేశ్ వాటా పెరుగుతుంది. తడకు ఇటు మనదీ, అటు తమిళనాడుదీ తగ్గుతుంది. డీలిమిటేషన్ అనగానే నాయకులు లోక్‌సభ సీట్ల గురించే మాట్లాడుతున్నారు. ఈసారి ఓట్లడగడానికి వస్తే, ఈ 159 సంగతేమిటో వాళ్లనే అడగండి.