పెరుగు గిన్నె ఉండగా క్యాప్సూళ్లు అవసరమా?

న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి ఫార్మసీలో ప్రోబయోటిక్స్‌కే ఒక అర మొత్తం కేటాయించారు. సీసా మీద ‘5000 కోట్ల సజీవ బ్యాక్టీరియా’ అని ఉంటుంది, ధర 40 డాలర్ల దాకా. మొన్న వేసవిలో ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ పంటి ఇన్‌ఫెక్షన్‌కు యాంటీబయోటిక్స్ వాడాల్సి వచ్చింది. మూడో రోజు నుంచి విరేచనాలు. తెలిసినవాళ్లంతా ఆ సీసానే కొనమన్నారు. డెబ్బై దాటిన మనిషి, పైగా విజిటర్ ఇన్సూరెన్స్. కొనేముందు డేటా చూద్దామనుకున్నాను, చేసే ఉద్యోగం అలాంటిది మరి.

అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజికల్ అసోసియేషన్ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చదివితే ఆ అరలో సగం ఖాళీ చేయాలనిపిస్తుంది. చాలా జీర్ణ సమస్యలకు ప్రోబయోటిక్స్ సిఫార్సు చేసేంత ఆధారం లేదన్నారు. మినహాయింపులు కొన్నే. యాంటీబయోటిక్స్ వాడేవారికి ‘సి డిఫిసిల్’ అనే ప్రమాదకరమైన పేగు ఇన్‌ఫెక్షన్ రాకుండా కొన్ని నిర్దిష్ట రకాలను వాడి చూడొచ్చన్నారు. అంటే ఎన్ని కోట్లన్నది కాదు, ఏ రకం అన్నది ముందు చూడాలి. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధనలో ఇంకో చిక్కు బయటపడింది. యాంటీబయోటిక్స్ తర్వాత ప్రోబయోటిక్స్ మింగినవారిలో వాళ్ల సొంత పేగు బ్యాక్టీరియా తిరిగి కోలుకోవడం ఆలస్యమైంది.

సీసా కొనలేదు. డాక్టర్‌కు ఫోన్ చేస్తే, ఆ వయసులో నిర్లక్ష్యం వద్దని సి డిఫిసిల్ పరీక్ష చేయించారు. లేదని తేలాక ఊపిరి పీల్చుకున్నాం. మందుల కోర్సు అయ్యాక విరేచనాలు తగ్గాయి.

“ఆ సీసాలో ఉన్నది మన పెరుగులో లేదేమిట్రా?” అని అమ్మ అడిగింది. మంచి ప్రశ్నే. ఇంటి పెరుగులో ఏ రకాలున్నాయో కచ్చితంగా చెప్పలేం, ప్రతి ఇంటి తోడూ వేరు. అందుకే అది మందు కాదు, ఆహారం. ఆహారంగా దాని విలువకు మాత్రం ఆధారం ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2021లో 36 మందితో చేసిన అధ్యయనంలో పెరుగు, కెఫిర్, కిమ్చి లాంటివి పది వారాలు బాగా తిన్నవారి పేగుల్లో బ్యాక్టీరియా వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపు సూచికలు తగ్గాయి. చిన్న అధ్యయనమే, కానీ పెరుగన్నం తినేవాళ్లకు చేదు వార్త కాదు.

మన వంటలన్నీ ఈ ఖాతాలో వేయకూడదు. ఇడ్లీ పిండి చక్కగా పులుస్తుంది, కానీ ఆవిరికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. పులియడం వల్ల మినప్పప్పులో కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు తగ్గడం వరకు లాభం. ఆవకాయ నిలవుండేది ముఖ్యంగా ఉప్పు, నూనె, ఆవపిండి, మామిడి పులుపు వల్ల. దాన్ని కిమ్చితో పోల్చి గరిటెడు వేసుకుంటే బీపీకి మంచిది కాదు. కోస్తాలో తరవాణి కుండ పెట్టిన ఇళ్లు ఈ విషయంలో మనకంటే ముందున్నాయి. అయితే వండిన అన్నాన్ని ఊరికే బయట వదిలేస్తే విషం పుట్టించే బ్యాక్టీరియా కూడా పెరుగుతుంది. గోరువెచ్చని పాలు పోసి తోడేసుకున్న అన్నమే ఇక్కడ సులువు.

జనవరి చలికి పాలు తోడుకోవు. ఓవెన్ వేయకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె పెడితే తెల్లారేసరికి గడ్డపెరుగు. కొనేవాళ్లు డబ్బా మీద ‘లైవ్ అండ్ యాక్టివ్ కల్చర్స్’ అని ఉందో లేదో చూడాలి. తోడుకున్నాక వేడిచేసిన రకాల్లో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉండదు. కీమోథెరపీలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు మాత్రం క్యాప్సూల్ అయినా, ఇంట్లో పులియబెట్టినదైనా డాక్టర్‌ను అడిగాకే తీసుకోవాలి.