గంపగుత్త బేరం

ఇంటికి తలుపులు చేయించుకొనేవారి దృష్టి మొదట కలప మీద పడుతుంది. టేకా, మద్దా, వేపా అని విచారిస్తారు. చేవ ఎంత ఉందో తడిమి చూస్తారు. ఘనపుటడుగు ధర గురించి నాలుగు చోట్ల వాకబు చేస్తారు. ఆ తలుపును ద్వారబంధానికి నిలబెట్టే మడతబందులు, వాటిని బిగించే స్క్రూలు, గడియలు, ఆల్‌డ్రాపులు, పిడులు, అతుకులకు పూసే బంక, నునుపు చేయడానికి రుద్దే గరుకు కాగితం, చివరకు వేసే వార్నిషు - ఇవన్నీ 'చిల్లర సామాను' అనే ఒక్క మాటలో ఇమిడిపోతాయి. అయితే పని పూర్తయి లెక్క చూసుకొనే నాటికి ఆ చిల్లర సామాను ఖర్చు చిల్లరగా ఉండదు.

వడ్రంగి పని సాధారణంగా రెండు పద్ధతులలో సాగుతుంది. మొదటి పద్ధతిలో ఇంటి యజమాని సామాను తెచ్చి ఇస్తాడు. వడ్రంగి కూలి మాత్రం తీసుకొంటాడు. రెండవ పద్ధతిలో సామానుతో సహా పనినంతటినీ వడ్రంగే గుత్తకు ఒప్పుకొంటాడు. గుత్తకు ఒప్పుకొన్న నాడే ధర స్థిరపడిపోతుంది. ఆ తరువాత బందుల ధర పెరిగినా, బంక చాలకపోయినా, కొన్న స్క్రూలు తుప్పు పట్టినా ఆ భారం అతనిదే. సామానులో మిగిలినది అతని రాబడి. సామానులో పోయినది అతని కూలిలో నుంచి పోయినట్లే. కనుక మేకులు ఎక్కడ, ఎంత మొత్తంలో, ఏ ధరకు కొనాలన్న ప్రశ్న ఆ ఇంటి బియ్యానికి, పిల్లల చదువుకు ముడిపడిన ప్రశ్న.

ఒక సరుకునంతటినీ తూచకుండా, లెక్కించకుండా ఒక్క ధరకు మాట్లాడుకోవడాన్ని తెలుగువారు గంపగుత్త బేరం అంటారు. తోటలోని మామిడికాయలను చెట్ల మీదనే కొనడం ఇటువంటిదే. వడ్రంగి సామానులో ఇంత గుడ్డి బేరం జరగదు గాని, దాని ఛాయ కనిపిస్తుంది. మేకులను ఎవరూ లెక్కించరు. కిలోల చొప్పున తూస్తారు. స్క్రూలు పెట్టెలలో వస్తాయి. పన్నెండు డజన్లు, అంటే 144 వస్తువులను ఒక గ్రోసుగా లెక్కించి అమ్మడం ఈ వ్యాపారంలో చాలాకాలం నడిచిన పద్ధతి. పెట్టె విప్పి పది స్క్రూలు ఇమ్మన్న క్షణంలో టోకు ధర చిల్లర ధరగా మారుతుంది.

ఈ తేడా ఎందుకు వస్తుంది? చిల్లర వర్తకుడు పెట్టె విప్పాలి, లెక్కించాలి, పొట్లం కట్టాలి. పది రకాల పొడవులలో, పది రకాల మందాలలో స్క్రూలను అరలలో నిలువ ఉంచాలి. వాటిలో కొన్ని రకాలు ఏడాదికొకసారి మాత్రమే అమ్ముడవుతాయి. దుకాణం అద్దె, సరుకులో చిక్కుకొన్న పెట్టుబడి, అరువు తీసుకొని తిరిగి ఇవ్వనివారి బాకీ - ఇవన్నీ ఆ పది స్క్రూల ధరలో దాగి ఉంటాయి. టోకున కొనేవానికి ధర తగ్గిందంటే, ఈ పనులలో కొన్నిటిని అతడు తన నెత్తిన వేసుకొన్నాడని అర్థం. ఇక నిలువ చేయవలసినవాడు అతడే. లెక్క చూసుకోవలసినవాడూ, పాడైతే నష్టపోవలసినవాడూ అతడే. ధరలో తగ్గింపు వర్తకుని దయ కాదు, చేతులు మారిన శ్రమకు ప్రతిఫలం. ఈ సంగతి గ్రహించినవానికి ఏది మొత్తంగా కొనాలో, ఏది కొనకూడదో తేల్చుకోవడం కష్టం కాదు.

ఒక లెక్క చూడవచ్చు. విడిగా కొంటే స్క్రూ ఒకటి రెండు రూపాయలనీ, నూరు స్క్రూల పెట్టె 120 రూపాయలనీ అనుకొందాం. పెట్టెలో స్క్రూ ధర రూపాయి ఇరవై పైసలే పడుతుంది. నూరింటినీ వాడితే ఎనభై రూపాయలు మిగులుతాయి. అరవై మాత్రమే వాడి, తక్కినవి మూలన పడి తుప్పు పట్టాయనుకొంటే, వాడిన ఒక్కొక్క స్క్రూకు రెండు రూపాయలు పడినట్లే. విడిగా కొన్నా అంతే అయ్యేది. యాభై మాత్రమే వాడినవాడు టోకు ధరకు కొనికూడా నష్టపోయాడు. పది తలుపులు ఉన్న ఇంటి పని ఒప్పుకొన్నవాని సంగతి వేరు. తలుపుకు మూడు బందులు, బందుకు ఎనిమిది స్క్రూలు చొప్పున 240 స్క్రూలు కావాలి. అతడు రెండు పెట్టెలు నిస్సందేహంగా కొనవచ్చు. మిగిలిన నలభై కోసం మూడవ పెట్టె కొనాలంటే మాత్రం తరువాతి పనిలో అదే కొలత స్క్రూలు పడతాయో లేదో ఆలోచించుకోవాలి. తన పనులలో తరచుగా పడే రెండు మూడు కొలతలేవో అనుభవజ్ఞుడైన వడ్రంగికి తెలుసు. వాటిని పెట్టెల కొద్దీ కొని, అరుదైన కొలతలను విడిగా తెచ్చుకోవడం వివేకం.

ధర ఒక్కటే కారణమూ కాదు. సన్‌మైకా వంటి అలంకార పలకలలో ఒక విడతకూ మరొక విడతకూ రంగులో సన్నని తేడా రావచ్చు. సగం పని అయిన తరువాత రెండు పలకలు తక్కువయ్యాయని మళ్ళీ తెస్తే, అలమర తలుపులలో ఆ తేడా పగటివేళ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. పిడుల విషయమూ ఇంతే. ఈ ఏడు దొరికిన నమూనా వచ్చే ఏడు తయారు కాకపోవచ్చు. ఒక ఇంటికి కావలసినవన్నీ, నాలుగు ఎక్కువే చూసుకొని, ఒక్కసారి కొనడం ఇక్కడ పొదుపు కన్నా పనితనానికి సంబంధించిన విషయం.

నిలువ ఉండే గుణం అన్ని సరుకులకూ ఒక్కటిగా ఉండదు. ఇనుప మేకులు, స్క్రూలు పొడిచోట ఏళ్ళ తరబడి ఉంటాయి. సముద్రతీర ప్రాంతాలలో ఉప్పుగాలికి వాటి ఆయువు తగ్గుతుంది. ఇత్తడి సామాను తుప్పు పట్టదు. చిలుము పడితే తోమి వాడుకోవచ్చు. గరుకు కాగితం చూపులకు చెడిపోయే వస్తువులా కనిపించదు గాని, చెమ్మ తగిలితే రేణువులను పట్టి ఉంచే బంక సడలుతుంది. రెండు రుద్దులకే రేణువులు రాలిపోయి కాగితం మాత్రం చేతిలో మిగులుతుంది. అటక మీద, వంటింటి గోడ పక్కన దానిని ఉంచరాదు.

వడ్రంగులు ఫెవికాల్ అని పిలిచే తెల్లబంక విషయంలో పెద్ద డబ్బా మీద ఆశ సహజం. చిన్న డబ్బాలలో కొన్న బంకతో పోలిస్తే పెద్ద డబ్బాలో కిలో ధర తగ్గుతుంది. కాని ఈ బంక నీటిలో కలిసి ఉండే పదార్థం. మూత సరిగా బిగించకపోతే పైన పొర కడుతుంది. కాలం గడిచినకొద్దీ చిక్కబడి పట్టు తగ్గుతుంది. డబ్బా మీది తయారీ తేదీ చూడకుండా, 'పాత సరుకు, చవకగా ఇస్తాం' అన్న మాటకు లోబడినవాని కుర్చీ కాళ్ళు ఏడాది తిరగకముందే కదులుతాయి. డబ్బాలో మిగిలిన డబ్బు కన్నా పోయిన పేరు విలువైనది.

లక్క పాలిషులో ఒక చిత్రమైన భేదం ఉంది. లక్కను పెళుసు రేకులుగా కొని చల్లని, పొడి చోట భద్రపరిస్తే చాలాకాలం నిలువ ఉంటుంది. అదే లక్కను స్పిరిటులో కరిగించి సీసాలో పోస్తే కొన్ని నెలలకు దాని గుణం మారుతుంది. పూసిన తరువాత గట్టిగా ఆరక బంకబంకగా ఉండిపోతుంది. కాబట్టి రేకులను మొత్తంగా కొని, ఏ పనికి ఆ పనికే కరిగించుకోవడం మంచి పద్ధతి. స్పిరిటు, థిన్నరు, వార్నిషు నిప్పును త్వరగా అందుకొంటాయి. రంపపు పొట్టు నిండిన కొట్టంలో వాటిని డబ్బాల కొద్దీ పేర్చడం చవక బేరం ఎంతమాత్రం కాదు.

అన్నిటికన్నా ఆలోచన అవసరమైనది కలప. పచ్చి కలప ధర తక్కువ. కాని అది ఆరేటప్పుడు కుదించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, కొసలలో పగుళ్ళు ఇస్తుంది. గాలికి ఆరబెట్టే చెక్కకు అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం పడుతుందని వడ్రంగంలో ఒక మోటు లెక్క ఉంది. చెక్క జాతిని బట్టి, ఊరి వాతావరణాన్ని బట్టి ఆ గడువు మారుతుంది. ఆరబెట్టడమంటే ఎండలో పడవేయడం కాదు. నేలకు ఎత్తుగా దిమ్మెలు పరచి, పలకకూ పలకకూ నడుమ సన్నని పట్టెలు ఒకే వరుసలో పెట్టి, గాలి ఆడేటట్లు నీడలో పేర్చాలి. కొసలకు రంగు పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. చేవ చుట్టూ ఉండే లేత చెక్కను పురుగు త్వరగా ఆశ్రయిస్తుంది. టేకుకైనా ఈ బాధ తప్పదు. చోటు, ఓపిక, పెట్టుబడి మూడూ ఉన్నవానికి పచ్చి కలపను మొత్తంగా కొనడం లాభసాటి. కాలం గడిచినకొద్దీ అతని సరుకు విలువ పెరుగుతుంది. వచ్చే నెలలో పెళ్ళివారికి మంచం ఇవ్వవలసినవాడు అదే కలపను కొంటే, ఆ మంచం వేసవి నాటికి కీళ్ళు విడిచి కిర్రుమంటుంది.

పెట్టుబడి అన్న మాట దగ్గర అసలు చిక్కు ఉంది. పదివేల రూపాయల చిల్లర ధర గల సామాను టోకున తొమ్మిదివేలకు వస్తుందనుకొందాం. చేతిలో సొమ్ము లేని వడ్రంగి ఆ తొమ్మిదివేలను నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెస్తే, నెలకు 270 రూపాయలు కట్టాలి. నాలుగు నెలలకు వడ్డీ 1080 రూపాయలు. మిగులుతుందనుకొన్న వేయి రూపాయలను వడ్డీ మింగివేసి, పైన ఎనభై అడుగుతుంది. అప్పు చేయకుండా దుకాణంలో అరువు ఖాతా పెట్టుకొనేవాడు మరొక విధంగా నష్టపోతాడు. బాకీ ఉన్నవాడు ధర గురించి గట్టిగా అడగలేడు, వేరొక దుకాణానికి వెళ్ళలేడు. సికింద్రాబాదులోని రాణిగంజ్ వంటి టోకు బజారులకు వెళ్ళి నాలుగు దుకాణాలు తిరిగి బేరమాడే స్వేచ్ఛ నగదు చేతిలో ఉన్నవానిదే. ఆ విధంగా, తక్కువ సంపాదించేవాడే అదే మేకుకు ఎక్కువ ధర చెల్లిస్తాడు.

ఈ చిక్కును నూట డెబ్బై ఏళ్ళకు పూర్వమే జర్మనీలోని డెలిచ్ అనే చిన్న పట్టణపు వడ్రంగులు ఎదుర్కొన్నారు. యంత్రశాలల పోటీ ఒకవైపు, ముడిసరుకును కొద్దికొద్దిగా అధిక ధరకు కొనవలసిన దుస్థితి మరొకవైపు వారిని కుంగదీస్తున్న కాలం అది. ఆ పట్టణంలో 1808లో జన్మించిన హెర్మన్ షుల్జ్ న్యాయాధికారిగా పనిచేశాడు. 1848లో ప్రష్యా జాతీయసభకు ఎన్నికై, చేతిపనివారి విజ్ఞప్తులను పరిశీలించే సంఘానికి అధ్యక్షత వహించాడు. సభలో షుల్జ్ అనే పేరుగలవారు పలువురు ఉండడం చేత ఊరి పేరును తన పేరుకు చేర్చుకొని షుల్జ్-డెలిచ్ అయ్యాడు. తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్ళు ఉన్నట్లే ఇదీను. చేతిపనివారికి కావలసినది దానధర్మం కాదని ఆయన అభిప్రాయం. 1849లో ఆయన ప్రోద్బలంతో డెలిచ్‌లోని వడ్రంగులు, చెప్పులు కుట్టేవారు ముడిసరుకు కొనుగోలు సంఘాలుగా ఏర్పడ్డారు. ఒక్కొక్కరికి అప్పు ఇవ్వడానికి వెనుకాడే వర్తకుడు, అందరూ కలిసి బాధ్యత వహిస్తే ఇవ్వడానికి సిద్ధపడతాడు. సరుకు మొత్తంగా వస్తుంది. సభ్యులు తమకు కావలసినంత మాత్రమే తీసుకొంటారు. టోకు ధర, చిల్లర పరిమాణం రెండూ ఒకచోట కుదిరిన ఏర్పాటు అది. ఆ మరుసటి ఏడే ఆయన పరపతి సంఘానికీ పూనుకొన్నాడు. 1867లో ప్రష్యాలో వచ్చిన సహకార చట్టం వెనుక ఆయన కృషి ఉంది.

ఆ జర్మనీ అనుభవం తెలుగు ప్రాంతాలకు దూరమైనది కాదు. తీరాంధ్ర, రాయలసీమ అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. ఆ ప్రభుత్వం కోరగా ఫ్రెడరిక్ నికల్సన్ ఐరోపాలోని పరపతి సంఘాలను పరిశీలించి 1895, 1897 సంవత్సరాలలో నివేదిక సమర్పించాడు. 1904లో వచ్చిన భారత సహకార చట్టం పరపతి సంఘాలకు మాత్రమే చోటు ఇచ్చింది. అంటే అప్పు ఇచ్చే సంఘం పెట్టుకోవచ్చు గాని, మేకులు కొనే సంఘానికి ఆ చట్టంలో తావు లేదు. 1912 నాటి చట్టం ఆ లోపాన్ని సవరించి కొనుగోలు, అమ్మకాల సంఘాలకూ గుర్తింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1964లో సహకార సంఘాల చట్టం, ప్రభుత్వ జోక్యాన్ని తగ్గించే ఉద్దేశంతో 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాయి.

నమోదైన సంఘం లేకున్నా, ఒక వీధిలోని అయిదారుగురు వడ్రంగులు కలిసి పెట్టె స్క్రూలు, డబ్బా బంక తెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు. అయితే కొన్ని సంగతులు ముందుగా తేల్చుకోవాలి. అందరికీ పనికివచ్చే కొలతలేవి? వర్తకుడు చెప్పిన ధరలో పన్ను, రవాణా కలిసి ఉన్నాయా, విడిగా ఉన్నాయా? సొమ్ము సరుకు రాకముందు చెల్లించాలా, వచ్చిన తరువాతనా? సరుకు ఎవరి కొట్టంలో ఉంటుంది? పెట్టెలోని నూరు స్క్రూలను అయిదుగురు ఇరవై చొప్పున పంచుకోవడానికి తగవు రాదు. బంకను తూచి పోసుకోవచ్చు. దుంగ కోసినప్పుడు మాత్రం పేచీ వస్తుంది. నడుమ పలకలలో చేవ ఉంటుంది, అంచు పలకలలో లేత చెక్క ఎక్కువ. ఘనపుటడుగు ధర మాత్రం దుంగకంతటికీ ఒక్కటే. అటువంటప్పుడు అంచు పలకలకు తక్కువ ధర, నడుమ పలకలకు ఎక్కువ ధర కట్టి, మొత్తం దుంగ ధరకు సరిపోయేటట్లు చూసుకొంటారు. ఆ తరువాత ఒక్కొక్క పలక మీద సుద్దతో అంకె వేసి, చీట్లు తీసుకొంటారు.