మీకు తెలుసా? రాసింది, బాణీ కట్టింది, పాడింది ఒక్కరే!

అమెరికా పాప్ రాక్ బృందం ఫాల్ ఔట్ బాయ్ 2014లో విడుదల చేసిన ‘సెంచరీస్’ పాట రచయితల్లో ఒక తెలుగమ్మాయి ఉన్నారు. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టి, కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకున్నారు. శ్రోతలకు తెలిసిన పేరు మాత్రం రాజకుమారి. ఆ పాట బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 10వ స్థానం దాకా వెళ్ళింది. మన ఊళ్ళలోనూ జిమ్‌లలో, క్రికెట్ వీడియోల వెనుక ఎందరో దాన్ని విన్నారు. అందులో మన అమ్మాయి చెయ్యి ఉందని తెలిసి విన్నవాళ్ళు ఎంతమంది?

అదే పాట గురించి మరో ముచ్చట. మొదట్లో వినిపించే రాగం సుజాన్ వేగా అనే గాయని రాసి పాడిన ‘టామ్స్ డైనర్’ నుంచి తీసుకున్నది. ఆమె 1987 ఆల్బమ్ ‘సాలిట్యూడ్ స్టాండింగ్’లో అది ఏ వాద్యమూ లేకుండా ఒట్టి గొంతుతో సాగుతుంది. జర్మనీలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ ఎంపీ3 పద్ధతిని తయారుచేస్తున్నప్పుడు ఈ పాట దగ్గరే చిక్కుపడ్డారు. ఫైలు సైజు తగ్గిస్తే ఆ ఒంటరి గొంతు పాడైపోయేది. అది శుభ్రంగా వినిపించేదాకా మళ్ళీ మళ్ళీ ఇదే పాట పెట్టి సరిచేస్తూ వచ్చారు. మెమరీ కార్డులో వందల పాటలు వేయించుకుని తిరిగిన మన తరం మొత్తం ఆ గొంతుకు రుణపడి ఉంది.

ఇతరుల కోసం ఏళ్ళ తరబడి పాటలు రాసిన రాజకుమారి తన తొలి పూర్తి ఆల్బమ్ ‘ది బ్రిడ్జ్’ను 2023 ఏప్రిల్ 28న తెచ్చారు. విడుదల చేసింది పెద్ద కంపెనీ కాదు, ఆమె సొంత లేబుల్ గాడ్‌మదర్ రికార్డ్స్. అంతకుముందు పెద్ద లేబుల్‌తో పనిచేసిన మనిషి సొంత జెండా కింద తొలి ఆల్బమ్ వెయ్యడం చిన్న సాహసం కాదు.

ఆ రోజు శుక్రవారం. అది యాదృచ్ఛికం కాదు! 2015 జూలై 10 నుంచి ప్రపంచమంతా కొత్త సంగీతాన్ని శుక్రవారమే విడుదల చేస్తోంది. అంతకుముందు బ్రిటన్‌లో సోమవారం, అమెరికాలో మంగళవారం, జర్మనీలో శుక్రవారం వచ్చేవి. ఒక దేశంలో బయటికొచ్చిన ఆల్బమ్ మరో దేశంలో దుకాణానికి చేరేలోపే ఇంటర్నెట్‌లో తిరిగేసేది. అందుకే అందరికీ ఒకే రోజు పెట్టారు. శుక్రవారం కొత్త సినిమా చూడ్డం అలవాటైన మనకు ఇది వింతగా అనిపించదు.

ఇప్పుడు ఆల్బమ్ ‘అమ్ముడుపోవడం’ అంటే ఏమిటి? అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం 2016 ఫిబ్రవరి నుంచి పాటించే లెక్క ప్రకారం, ఆల్బమ్‌లోని పాటలను 1,500 సార్లు వింటే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. గోల్డ్ గుర్తింపుకు 5 లక్షల ఆల్బమ్‌లు కావాలి. అంటే వినికిళ్ళతోనే అది సాధించాలంటే 75 కోట్ల సార్లు వినాలి. ఒంటరిగా పాట చేసుకునే కళాకారుడికి ఈ అంకె ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

ఇక మన వైపు వద్దాం. హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లోని ధ్యానాంజనేయస్వామి గుడి కాకతీయ రెండో ప్రోలరాజు కాలం నాటిదని స్థలపురాణం. మంగళవారమో శనివారమో ఆ వైపు వెళ్తూ తెలుగులో హనుమాన్ చాలీసా వింటే, ఆ గొంతు చాలావరకు ఎం.ఎస్. రామారావు గారిదే అయి ఉంటుంది. తులసీదాసు చాలీసాను తెలుగు చేసింది కూడా ఆయనే. ‘సుందరకాండ’నైతే తేలిక తెలుగులో తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడారు. రాసి పాడే గాయకుడంటే గిటార్ పట్టుకున్న విదేశీ కుర్రాడే మనకు గుర్తొస్తాడు కానీ, తెలుగునాట ఆ మాటకు అందరికంటే ఎక్కువగా తగినవారు ఈ పెద్దాయనే అని నా గట్టి నమ్మకం.

మోపర్తి సీతారామారావు ఆయన పూర్తి పేరు. 1921లో గుంటూరు జిల్లా మోపర్రులో పుట్టారు. తెలుగు సినిమాకు తొలి నేపథ్య గాయకుడిగా ఆయన్నే చెబుతారు. అలా పాడిన సినిమా 1944లో వచ్చిన ‘తాసిల్దార్’. సినిమా గాయకుడిగా అంత ముందు వరసలో నిలబడిన మనిషిని జనం మాత్రం సినిమా బయట చేసిన పాటతోనే గుండెల్లో పెట్టుకున్నారు. 1971 యుద్ధంలో వాయుసేనలో ఉన్న కొడుకు క్షేమం కోసం హనుమంతుణ్ణి వేడుకున్నారని, చాలీసా, సుందరకాండ ఆ ఆర్తిలోంచి పుట్టాయని చెబుతారు. వింటే ఆ మాట నమ్మబుద్ధేస్తుంది. సంగీత ప్రదర్శన చెయ్యాలన్న తాపత్రయం ఆ గొంతులో ఎక్కడా ఉండదు. ఎదురుగా కూర్చున్న ఇంటివాళ్ళకు కథ చెబుతున్నట్టే సాగుతుంది. పండితుల దగ్గర ఆగిపోయే వాల్మీకిని చదువు రాని ముసలమ్మల నోటికి కూడా అందించారు. ‘సుందరదాసు’ అన్న పేరు అలా దక్కింది. 1992లో కన్నుమూశారు.

అంత పొడవైన కథను ఒక గాయకుడు రికార్డు మీద చెప్పగలగడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులో ఒక వైపు సుమారు 3 నిమిషాలే పట్టేది. సినిమా పాట మూడు నాలుగు నిమిషాలకు అలవాటుపడింది అందుకే. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చాక ఒక్కో వైపు 20 నిమిషాలు దాటింది. పాటల్ని ఒక వరసలో పేర్చి, మొదటి నుంచి చివరి దాకా వినిపించాలనే ఆలోచనకు చోటు దొరికింది అప్పుడే. ఆ తర్వాత క్యాసెట్ ఆ చోటును ఇంకా పెంచింది.

గుడి మైకులో ఇలాంటి పాట పెడితే కాపీరైట్ గొడవ రాదా? రాదు. నిజమైన మతపరమైన వేడుకలో పాట పెట్టడం ఉల్లంఘన కాదని మన చట్టమే చెబుతోంది. పెళ్ళి ఊరేగింపునూ అందులో కలిపింది. కానీ అదే పాటను అనుమతి లేకుండా యూట్యూబ్‌లో ఎక్కించడం వేరే సంగతి. రచయిత హక్కు ఆయన పోయాక 60 ఏళ్ళు నిలుస్తుంది. ఆ లెక్కన రామారావు గారి రచనకు 2052 చివరి దాకా రక్షణ ఉంది.

మళ్ళీ సొంతంగా పాట చేసేవాళ్ళ సంగతికొస్తే, సినిమా సాయం లేకుండా సొంత ఆల్బమ్ చేసిన భారతీయ పాప్ రాక్ గాయకుల్లో గోవాకు చెందిన రెమో ఫెర్నాండెజ్ కథ నాకు ఎప్పుడూ ఉత్సాహం ఇస్తుంది. 1984లో ‘గోవన్ క్రేజీ’ని ఇంట్లోనే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ మీద చేశారు. రాత, పాట, వాద్యాలు, కవర్ బొమ్మ అన్నీ తనవే. పసుపు స్కూటర్ మీద షాపు షాపుకీ తిరిగి క్యాసెట్లు తానే వేసొచ్చారు.

స్కూటర్ అవసరం ఇప్పుడు లేదు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్, మైకు ఉన్న కుర్రాడు కూడా తన పాటను ప్రపంచమంతటా పెట్టగలడు. చౌరస్తా బృందంతో పేరు తెచ్చుకున్న రామ్ మిర్యాల మొదట గెలిచింది యూట్యూబ్‌లోనే. తర్వాత సినిమా ఆయన్ను పిలిచింది. ‘డీజే టిల్లు’ టైటిల్ పాటకు బాణీ, గొంతు రెండూ ఆయనవే, రచన కాసర్ల శ్యామ్‌ది.

అలా సొంతంగా పాట పెట్టేవాళ్ళు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. ప్రతి రికార్డింగ్‌కూ ఐఎస్ఆర్‌సీ అనే 12 అక్షరాల, అంకెల కోడ్ వస్తుంది. అది రికార్డింగ్‌కు మాత్రమే. అందులోని రచనకు, బాణీకి ఐఎస్‌డబ్ల్యూసీ అని వేరే కోడ్ ఉంటుంది. మొదటిది తీసుకుని రెండోది వదిలేస్తే, పాడిన మనిషిగా లెక్కలో ఉంటారు కానీ రాసిన మనిషిగా ఉండకపోవచ్చు. 2012లో చట్టం సవరించాక సినిమా పాటైనా, ఆల్బమ్ పాటైనా రచయితకు, సంగీతకర్తకు రాయల్టీలో హక్కులు కొన్నవారితో సమాన వాటా దక్కాలి. థియేటర్లో సినిమాతో పాటు పాట వేసినప్పుడు మాత్రమే దానికి మినహాయింపు. ఆ వాటాను ముందుగానే వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా ఆ సంతకం చెల్లదు.

పేరు సంగతి ఇంకా గట్టిది. పాట హక్కులన్నీ అమ్మేసుకున్నా, ‘ఇది రాసింది నేను’ అని చెప్పుకునే హక్కు రచయిత దగ్గరే ఉంటుంది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెప్పేది అదే.