పదమూడు గుళ్లలో పది

మూతిలోంచి నింపే భర్మార్ తుపాకిలో వెంటవెంటనే పేల్చిన రెండు గుళ్లు ఒకేలా పోవడం అరుదు. అందులోకి కార్ఖానాలో తయారైన తూటా వెళ్లదు మరి. పేల్చేవాడే ప్రతిసారీ ఆ తూటాను గొట్టం లోపల తయారు చేసుకోవాలి. తుపాకిని నిలబెట్టి, మూతిలోంచి కొలిచిన మందు పోస్తాడు. కొవ్వు రాసిన చిన్న గుడ్డముక్కను మూతి మీద పరిచి, దాని మీద సీసపు గుండు పెట్టి బొటనవేలితో నొక్కుతాడు. ఆపైన పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దింపుతాడు. గుండు మందుకు సరిగ్గా ఆనుకున్నదీ లేనిదీ కడ్డీ మీద ముందే గీసుకున్న గీత చూసి తెలుసుకుంటాడు. వెనకనున్న సన్నటి గొట్టానికి రాగి టోపీ తొడిగి, సుత్తి ఎత్తి, అప్పుడు గురి చూస్తాడు. మందు చిటికెడు ఎక్కువైనా, కడ్డీ మీద చెయ్యి కాస్త గట్టిగా పడినా, గుడ్డకు కొవ్వు తగ్గినా గుండు ఇంకోచోట తగులుతుంది.

తగలకపోతే దాన్ని దురదృష్టం అనుకోవడం తేలిక. తగిలితే నేర్పు అనుకోవడం ఇంకా తేలిక. ఈ రెంటినీ విడదీసి కొలవడానికి శాస్త్రానికి చాలా కాలమే పట్టింది. ఆ కథలో కొంత భాగం దక్షిణ భారతంలోనూ నడిచింది.

ఉత్తర తెలంగాణకు మూతిలోంచి నింపే ఆయుధాలు పాత చుట్టాలే. నిర్మల్ అంటే ఇప్పుడు కొయ్యబొమ్మలు గుర్తొస్తాయి గానీ, ఒకప్పుడు నిజాం సైన్యానికి ఫిరంగులూ మందుగుండూ అందించిన ఊరది. నిజాం సేనాని జఫరుద్దౌలా 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టించినట్టు చెప్పే జగిత్యాల కోట మీద ఫిరంగులు ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీకి ఆ పేరు వచ్చింది నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ నడిపిన ఫిరంగుల కార్ఖానా వల్లనే. ఇనుము సంగతికొస్తే ఈ ప్రాంతానికి లోటు లేదు. నిర్మల్, కోనసముద్రం చుట్టుపక్కల కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820లలో ఇక్కడ తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసే రాశాడు. ఆ ఉక్కులో ఎక్కువ భాగం కత్తులకు పోయింది. తుపాకి గొట్టానికి అంత గట్టి ఉక్కు అక్కర్లేదు. పేలుడుకు పగలకుండా కాస్త సాగే మెత్తటి ఇనుము ఉంటే చాలు.

మందు తయారీ కూడా దగ్గర దొరికే సరుకుతోనే జరిగిపోయేది. వందలో సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. సురేకారం కాలడానికి కావలసిన ఆక్సిజన్‌ను ఇస్తుంది, బొగ్గు కాలుతుంది, గంధకం త్వరగా అంటుకునేలా చేస్తుంది. అయితే ఈ మందు పూర్తిగా గాలిగా మారదు. 1870లలో ఇంగ్లండులో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూసిన ఉక్కుపాత్రల్లో దీన్ని పేల్చి లెక్కకట్టారు. బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగిలిపోతుందని తేలింది. తెల్లపొగలో కొంత పోగా, మిగతాది గొట్టం లోపలి గోడకు మసిలా పట్టుకుంటుంది. వర్షాకాలంలో ఆ మసి తేమ పీల్చి జిగటగా తయారవుతుంది. రామగుండం వైపు మే నెల ఎండలో అదే గట్టి పెచ్చు కడుతుంది. పెచ్చు కట్టిన గొట్టంలోకి గుండు దిగడమే కష్టం. దిగినా మొదటి గుండంత సాఫీగా దిగదు. కాబట్టి వాతావరణం కూడా పోటీదారే.

గుండు దారి తప్పడానికి అసలు కారణం పట్టుకున్నవాడు బెంజమిన్ రాబిన్స్. గణితం తెలిసిన ఇంగ్లీషువాడు. 1742లో ఫిరంగి శాస్త్రం మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. దాన్ని ఆయిలర్ అంతటి గణితవేత్త జర్మన్‌లోకి తెచ్చి, తన వ్యాఖ్యానం జోడించాడు. ఆ కాలపు తుపాకుల్లో గుండు గొట్టం కన్నా కాస్త చిన్నదిగా ఉండేది. మసి పట్టినా త్వరగా దిగాలి కదా. ఆ సందు వల్ల గుండు లోపల అటూ ఇటూ గోడలకు కొట్టుకుంటూ పోయి, చివరికి ఏ గోడను రాసుకుంటే దానికి తగ్గట్టు గిర్రున తిరుగుతూ బయటపడుతుంది. స్పిన్నర్ వేలు తిప్పి వదిలిన బంతి గాల్లోనే పక్కకు జరిగినట్టు, తిరిగే గుండు కూడా జరుగుతుంది. తేడా ఏమంటే ఇక్కడ ఎటు తిప్పాలో నిర్ణయించే వేలు లేదు.

దీన్ని నిరూపించడానికి ఆయన ఎన్నుకున్న దారి ముచ్చటైనది. ఒక గొట్టం చివరను కావాలని ఎడమవైపు కాస్త వంచాడు. దారి పొడుగునా పలచటి కాగితపు తెరలు నిలబెట్టాడు. గుండు మొదట ఎడమకే పోయింది. ఆ తర్వాత తెరల్లో చిల్లులు ఒక్కొక్కటిగా కుడివైపుకు మళ్లాయి. వంపులో గుండు కుడిగోడను రాసుకుంటూ పోయింది గనుక ఆ తిప్పుడు దాన్ని కుడికి లాగింది. గొట్టం ఎడమకు వంగితే గుండు కుడికి తిరగడం చూసినవాళ్లకు మాయలా కనిపించి ఉండాలి. గాలిలో కనిపించే ఈ ప్రభావానికి తర్వాత శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరు స్థిరపడింది. రాబిన్స్‌కు దక్కాల్సిన కీర్తిలో ఇది పెద్ద కోత. ఆయన ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేసే ఇంజనీరుగా ఇక్కడికి వచ్చి, 1751 జులైలో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు.

గొట్టం లోపల నున్నగా ఉన్నంతకాలం గురి ఎంత లాటరీయో సైనికులకు శాస్త్రం చెప్పకుండానే తెలుసు. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన కర్నల్ జార్జ్ హాంగర్ 1814లో ఈ మాటే రాశాడు: మామూలు సైనికుడి తుపాకి ఎనభై గజాల దూరంలో మనిషికి తగలొచ్చు, వంద గజాలకూ తగలొచ్చు, నూటయాభై గజాల దూరం నుంచి తనకు గురిపెట్టినవాడి చేతిలో గాయపడ్డవాడు మాత్రం ఉత్త దురదృష్టవంతుడు. ఇక్కడ అదృష్టం లెక్క తగిలించుకున్నవాడి ఖాతాలో పడింది, పేల్చినవాడి ఖాతాలో కాదు.

ఇప్పుడు చిన్న గణితం. గురిలో వచ్చే తేడాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే వాటిని నేరుగా కూడకూడదు. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. యాభై మీటర్ల దూరంలో తుపాకి తనంతట తాను గుళ్లను 30 సెంటీమీటర్లు చెదరగొడుతుందనీ, పేల్చేవాడి చేతివణుకు 10 సెంటీమీటర్లు కలుపుతుందనీ అనుకుందాం. మొత్తం చెదురు దాదాపు 31.6 సెంటీమీటర్లు. అతను ఏడాదిపాటు కష్టపడి వణుకును సగానికి, అంటే 5 సెంటీమీటర్లకు తగ్గించుకున్నాడు. చెదురు ఎంతకు దిగింది? 30.4కు. ఏడాది సాధన ఫలితం సెంటీమీటరు పైచిలుకు! అదే మనిషి చేతికి 4 సెంటీమీటర్లే చెదరగొట్టే మంచి తుపాకి ఇస్తే ఆ సాధన 10.8ని 6.4కు దించుతుంది. నేర్పు మొదటి తుపాకిలోనూ ఉంది. కానీ తుపాకి దాన్ని మింగేసింది. పనివాడు పనిముట్టును తప్పుపట్టకూడదంటారు గానీ, పట్టాల్సిన సందర్భాలూ ఉంటాయని ఈ లెక్క ఒప్పుకుంటుంది.

ఆదిలాబాద్ అడవుల్లో పాతకాలపు వేటగాళ్లు ఈ లెక్క కాగితం మీద వేయలేదు. కానీ వాళ్ల పద్ధతి దీనికి అతికినట్టు సరిపోతుంది. తుపాకి చెదరగొడుతుందా? అయితే దూరం తగ్గించు. నీటిగుంట పక్కన మంచె కట్టుకుని, గాలివాలు చూసుకుని, అడవిపంది పాతిక అడుగుల దూరానికి వచ్చేదాకా కదలకుండా ఉండాలి. ఒక్క పెద్ద గుండుకు బదులు చిన్న చిన్న సీసపు గుళ్లు గుప్పెడు పోస్తే వాటిలో ఏదో ఒకటి తగులుతుంది. నేర్పంతా గురి నుంచి జాడ తీయడానికీ, ఓపికకూ మారిపోయింది. 1972 వన్యప్రాణి చట్టంతో ఆ వేట నేరమైంది. కవ్వాల్ అడవి 2012లో పులుల అభయారణ్యమైంది.

యుద్ధంలో మాత్రం దగ్గరికి వచ్చేదాకా ఆగడం కుదరదు. అక్కడ తుపాకి అసలు బలహీనత గురిలో కాదు, నింపడానికి పట్టే సమయంలో బయటపడుతుంది. చేయి తిరిగినవాడికైనా ఒక్కో గుండుకు ఇరవై సెకన్లు పడుతుంది. వెనకనుంచి తూటా పెట్టే రైఫిల్‌తో శిక్షణ పొందినవాడు అంతలో నాలుగైదు పేల్చగలడు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో గోండు నాయకుడు కుమ్రం భీం మనుషుల దగ్గరున్నవి నాటు తుపాకులు, బల్లేలు, గొడ్డళ్లు. ఎదుట నిజాం పోలీసులు. అంతకు ఎనభై ఏళ్ల ముందు నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు తిరుగుబాటు చేసినప్పటికే సైన్యాల చేతుల్లోకి కొత్తరకం తుపాకి వచ్చేసింది. అదీ మూతిలోంచి నింపేదే. కానీ గొట్టం లోపల మెలితిరిగిన గాడులున్నాయి.

ఆ గాడుల పని రాబిన్స్ చెప్పిన తిప్పుడును పిచ్చిగా వదిలెయ్యకుండా ఒకే తీరున నడపడం. బాణంలా ముందుకు చూస్తూ తనచుట్టూ తాను తిరిగే గుండు పక్కకు పోదు. సమస్యల్లా ఆ గాడుల్లోకి గుండును బిగువుగా దిగగొట్టడం. దానికి సుత్తి కావాలి, సమయం కావాలి. దక్షిణ భారతంలో పనిచేసిన కెప్టెన్ నార్టన్ అనే సైనికాధికారి ఇక్కడి జనం ఊదే గొట్టపు బాణాలు చూశాడట. బాణం అడుగున మెత్తటి బెండు ఉంటుంది. ఊదితే ఉబ్బి గొట్టం నిండా పట్టేస్తుంది, గాలి పక్కనుంచి జారదు. అలాగే అడుగు గుల్లగా ఉన్న సీసపు గుండు చేస్తే మందు పేలినప్పుడు అదే ఉబ్బి గాడుల్ని పట్టుకుంటుంది కదా అనిపించింది. ఆ ఊహను 1849లో ఫ్రాన్సులో మినియే పక్కాగా రూపుదిద్దాడు. దాని వారసత్వమే 1853 నాటి ఎన్‌ఫీల్డ్. దాని తూటా కాగితానికి రాసిన కొవ్వు 1857లో ఏం చేసిందో అందరికీ తెలిసిందే. కొవ్వు పూసింది మసి గట్టిపడకుండా, గుండు సాఫీగా దిగడానికి. రసాయనంగా చూస్తే సబబైన పనే.

వెనకనుంచి నింపే తుపాకులు వచ్చాక మూతి తుపాకుల బతుకు యుద్ధంలో ముగిసింది, సరదాలో మొదలైంది. 1933లో అమెరికాలో వీటి కోసం జాతీయ సంఘం ఏర్పడింది. ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో వాళ్ల పోటీలు జరుగుతూ వచ్చాయి. మన పొరుగున కొడగులో కైల్‌పోళ్దు పండగకు కొబ్బరికాయను ఎత్తున కట్టి తుపాకితో కొట్టే పోటీ ఉంది. అక్కడి కొడవలకు తుపాకి లైసెన్సు నుంచి మినహాయింపు బ్రిటిష్ కాలం నుంచీ ఉంది. మనకు అలాంటి మినహాయింపు లేదు. నాటు తుపాకి అయినా లైసెన్సు లేకపోతే కేసే.

కొబ్బరికాయ పోటీలో అదృష్టానికి వాటా ఎక్కువ. కాయ పగిలిందా లేదా అన్నదొక్కటే తీర్పు కాబట్టి, వందలో ఒకసారి తగిలేవాడికి ఆ ఒకసారి ఈరోజే రావచ్చు. 1971 నుంచి నడుస్తున్న అంతర్జాతీయ పోటీల్లో దీనికి విరుగుడు ఆలోచించారు. ముప్పై నిమిషాల్లో పదమూడు గుళ్లు పేల్చాలి. వాటిలో మేలైన పదింటినే లెక్కలోకి తీసుకుంటారు. చెకుముకి రాయి నిప్పు రాల్చకపోవడం, గుడ్డ చిరగడం లాంటి మూడు ఆపదలను నిబంధనే క్షమిస్తుంది. నాలుగోది వస్తే అది ఇక అదృష్టం కాదు, తయారీ లోపం. ఎక్కువగా నున్నటి గొట్టాల పోటీలకు పెద్ద లక్ష్యం, గాడుల గొట్టాలకు చిన్నది. జామగి తాడుతో పేల్చే పాత తుపాకుల పోటీకి తనెగాషిమా అని పేరు. 1543లో పోర్చుగీసులు తుపాకిని దించిన జపాన్ దీవి అది. మందు డబ్బాలోంచి నేరుగా గొట్టంలో పోయడం నిషిద్ధం. ఒక్కో మోతాదు విడివిడి సీసాల్లో ముందే కొలిచి తెచ్చుకోవాలి. లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం పేలుతుందన్న భయం దీనికి కారణం. అయితే ఇంటి దగ్గర తీరిగ్గా కొలవడం వల్ల గురీ మెరుగుపడుతుంది.

వంద మీటర్ల దూరాన పడుకుని పేల్చే విట్‌వర్త్ పోటీలో నూటికి నూరు తెచ్చుకున్నవాళ్లున్నారు. మూతిలోంచి నింపిన తుపాకితో! అక్కడికి వచ్చేసరికి విచిత్రంగా అదృష్టం మళ్లీ లోపలికొస్తుంది. అందరూ సమానమైన నేర్పరులైనప్పుడు వాళ్ల మధ్య మిగిలే తేడా అంతా ఒక గాలితెమ్మెర పనే కావచ్చు. దీనికి మన హైదరాబాద్‌కు బాగా తెలిసిన సాక్ష్యం ఆధునిక క్రీడలో ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో గగన్ నారంగ్ కాంస్యం గెలిచాడు. అతని మొత్తం 701.1, రజతం గెలిచిన ఇటలీ షూటర్‌ది 701.5. లక్ష్యం మధ్యలోని పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. తుపాకి తప్పు చేయని చోట, మనుషులు దాదాపు తప్పు చేయని చోట, పతకం రంగును మార్చింది ఒక పాయింటులో నాలుగు పదోవంతులు. జోడేఘాట్ వైపు మంచె మీద కూర్చున్న వేటగాడికి ఆ కొలత వినిపిస్తే, అంత చిన్న చుక్కలో ఏం వేట ఉందని అడిగేవాడేమో.